1893 ఓటు హక్కు ఒక్కటేనా? బ్రిటిష్ పాలనలో మావోరీ ఆడవాళ్ళు అసలు దేనికోసం పోరాడారు?

ఎంఏ హిస్టరీ సెమినార్ పేపర్ కోసం అడిగారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మీ ప్రశ్న ఇది: 1893లో న్యూజిలాండ్ ఆడవాళ్ళకి ఓటు వచ్చింది కదా, అక్కడి మూలవాసులైన మావోరీ ఆడవాళ్ళు అప్పుడు తెల్లవాళ్ళ ఉద్యమం వెనక నడిచారా, లేక వాళ్ళకంటూ వేరే పోరాటం ఏదైనా ఉందా?

వేరే పోరాటమే. దాని వేరు ఓటులో లేదు, భూమిలో ఉంది. ఓటు అడిగింది కూడా భూమిని కాపాడుకోడానికే. ఇంకో మాట, వాళ్ళ దృష్టిలో అది కొత్తగా వచ్చే హక్కేం కాదు, అంతకుముందు తమ చేతిలో ఉండి, తెల్లవాళ్ళ చట్టం వచ్చాక జారిపోయిన దాన్ని తిరిగి అడగడం. మీ పేపర్ ఈ పాయింట్ మీద నిలబెడితే మిగతా సంఘటనలన్నీ వాటంతట అవే దీనికి వచ్చి అతుక్కుంటాయి.

నేను గుంటూరు వైపు నుంచి న్యూజిలాండ్‌కొచ్చి పదిహేడేళ్ళయింది, హామిల్టన్‌లో హైస్కూల్లో సోషల్ చెప్తా. 2023 నుంచి ఈ దేశ చరిత్ర స్కూళ్ళలో తప్పనిసరి చేశారు, కానీ నేను అంతకుముందు నుంచే మావోరీ భాష క్లాసులకి వెళ్తూ, పాఠం కోసం ఈ ఊళ్ళన్నీ తిరుగుతూ ఉన్నా. కింద రాసేదంతా అలా పోగేసుకున్నదే.

ముందు భాష దగ్గర మొదలెడతా, ఎందుకంటే నాకు విషయం అర్థమైంది అక్కడే. మావోరీలో భూమిని ఫెనువా అంటారు, బిడ్డ పుట్టాక వచ్చే మాయని కూడా ఫెనువా అనే అంటారు, ఆ మాయని తీసుకెళ్ళి సొంత నేలలో పాతిపెట్టే ఆచారం ఇప్పటికీ ఉంది. హాపూ అంటే తెగలో ఒక శాఖ, హాపూ అంటే కడుపుతో ఉండటం కూడా. ఫానౌ అంటే కుటుంబం, ఫానౌ అంటే కనడం. అంటే భూమి, తెగ, కుటుంబం అన్న మాటలన్నీ ఆడదాని ఒంట్లోంచి పుట్టాయన్నమాట. మనకి అతను, ఆమె అని వేరువేరు మాటలున్నాయి కదా, వాళ్ళకి ఇద్దరికీ కలిపి "ఇయా" ఒక్కటే. ఇదంతా చూసి ఆ సమాజంలో ఆడా మగా అన్నిట్లో సమానం అని రాసేయకండి, అది కాదు నేను చెప్పేది. చాలా తెగల్లో ఇప్పటికీ సభా ప్రాంగణంలో లాంఛనంగా ఉపన్యాసం ఇచ్చేది మగవాళ్ళే. కానీ ఆ ప్రాంగణంలోకి, అంటే మరాయెలోకి, మిమ్మల్ని పిలిచే మొదటి గొంతు మాత్రం ఆడగొంతే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు బయట అందరం నిలబడిపోయాం, లోపల్నించి ఒక పెద్దావిడ రాగం తీసి పిలిచేదాకా ఒక్కరూ అడుగు వెయ్యలేదు, ఆ పిలుపులోనే చచ్చిపోయిన పెద్దల్ని కూడా తలుచుకుంటారు, నాకైతే ఒళ్ళు జలదరించింది. పైగా పెద్దింటి ఆడవాళ్ళకి సొంతంగా భూమి మీద హక్కుండేది, పెళ్ళయినా అది మొగుడికి పోయేది కాదు.

1840లో మావోరీ పెద్దలకీ బ్రిటిష్ రాణికీ మధ్య జరిగిన వైటాంగి ఒప్పందం మీద 500 మందికి పైగా పెద్దలు సంతకాలు చేశారు, అందులో కొందరు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. రంగీ తోపేయోరా, రేరే ఓ మాకీ, కాహే తే రౌ ఓ తే రంగీ లాంటి వాళ్ళు. ఈ కాహే గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను, 1820ల్లో శత్రువులు వస్తున్నారని తెలిసి, కూతుర్ని వీపున కట్టుకుని కాపిటీ ద్వీపం నుంచి ఒడ్డుదాకా సముద్రంలో ఈదుకుంటూ వెళ్ళి మనుషుల్ని పోగేసిందట. అలాంటామె సంతకానికి విలువ లేకపోవడం ఏంటి చెప్పండి. కానీ సంతకాలు సేకరించడానికి తిరిగిన బ్రిటిష్ వాళ్ళు చాలామంది మగవాళ్ళ వైపే చూశారు, ఎందుకంటే వాళ్ళ దేశంలో అప్పటి చట్టం ప్రకారం పెళ్ళైన ఆడదానికి విడిగా ఆస్తే లేదు.

అసలు దెబ్బ 1865లో పడింది, నేటివ్ ల్యాండ్ కోర్టుతో. అప్పటిదాకా భూమి తెగ మొత్తానిది. ఈ కోర్టు ఏం చేసిందంటే ఎంత పెద్ద భూమైనా సరే టైటిల్‌లో పదిమంది పేర్లు మాత్రమే రాస్తాం అంది, వందలమంది బతికే భూమికి పదిమంది ఓనర్లన్నమాట, ఆ పదిమందిలో ఎక్కువగా ఎక్కింది మగవాళ్ళే. ఊళ్ళో పొలం పనంతా అమ్మమ్మే చేసినా పట్టాదారు పాస్‌బుక్కులో తాతయ్య పేరే ఉండటం మనలో చాలామంది చూశాం కదా, దాన్ని ఒక జాతి మొత్తానికి చట్టం పెట్టి చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకసారి పేరు మీదికొచ్చాక అమ్మడం సులువు. కోర్టు వాయిదాల కోసం పట్నం వెళ్ళి వారాల తరబడి అక్కడే మకాం వెయ్యాలి, సర్వే ఖర్చులు, తిండి ఖర్చులు, కొట్లో అప్పులు, చివరికి ఆ అప్పు కిందే భూమి పోవడం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి బయటివాళ్ళకి పోకుండా 1/70 రెగ్యులేషన్ ఎందుకు తేవాల్సి వచ్చిందో తెలిసిన వాళ్ళకి ఈ మెకానిజం ఇట్టే అర్థమవుతుంది. 1860లో ఉత్తర ద్వీపంలో సుమారు 80 శాతం భూమి మావోరీల చేతుల్లో ఉండేది, 1890కి అది 40 శాతం అయింది, 1939కి 9 శాతం. ఈ మూడు అంకెలు మీ పేపర్ మొదటి పేజీలోనే పెట్టండి.

ఇది కాకుండా యుద్ధం చేసి లాక్కున్న భూమి వేరే ఉంది, ఒక్క వైకాటోలోనే సుమారు 12 లక్షల ఎకరాలు. నేనుండే హామిల్టన్ కూడా ఆ భూమి మీద కట్టిందే.

పరిహాకా, 1881. తరనాకి ప్రాంతంలో తమ భూమిలో సర్వే చేస్తుంటే పరిహాకా ఊరివాళ్ళు ఆయుధం పట్టకుండా సర్వే కర్రలు పీకేశారు, ఆ భూముల్లో నాగళ్ళు కట్టి దున్నారు, మగవాళ్ళని వందలమందిని పట్టుకెళ్ళి విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. మరి ఊరు నిలబడిందెలా? ఆడవాళ్ళు నిలబెట్టారు. 1881 నవంబర్ 5న 1600 మంది సాయుధులు ఊరి మీదికొస్తే ఎదురుగా దారిలో కూర్చుంది చిన్నపిల్లలు, పాటలు పాడుతూ. వచ్చిన వాళ్ళకోసం ఆడవాళ్ళు 500 రొట్టెలు కాల్చి పెట్టారు. ఆ తర్వాత ఇళ్ళు కూల్చారు, పంటలు నాశనం చేశారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. 2017లో ప్రభుత్వం పరిహాకా వచ్చి క్షమాపణ చెప్పినప్పుడు ఈ అత్యాచారాల మాట కూడా పైకి అంది, 136 ఏళ్ళు పట్టింది ఆ ఒక్క మాట అనడానికి. ఇక్కడ మీకో జాగ్రత్త, గాంధీ గారు పరిహాకా చూసే నేర్చుకున్నారని చాలాచోట్ల కనిపిస్తుంది, 1881 నాటికి ఆయన పన్నెండేళ్ళ పిల్లాడు, పోలిక రాయండి కానీ వారసత్వం మాత్రం అంటగట్టకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తా. మేరి తే తై మంగకాహియా. 1868లో ఉత్తరాన హొకియాంగా ప్రాంతంలో, పంగురు దగ్గర పుట్టింది, తే రరావా తెగ. ఆక్లాండ్‌లో కాన్వెంట్ చదువు, పియానో బాగా వాయించేది. భర్త హామియోరా మంగకాహియా. అప్పట్లో మావోరీ తెగలన్నీ కలిసి తే కోటహితంగా అని సొంత పార్లమెంటు ఒకటి పెట్టుకున్నాయి, ప్రభుత్వం దాన్ని గుర్తించలేదు, అయినా వాళ్ళు ఏటా కూర్చుని చర్చించుకునేవాళ్ళు. 1892లో హాక్స్ బే దగ్గర వైపటులో దానికి హామియోరాని ప్రీమియర్‌గా ఎన్నుకున్నారు. మరుసటి ఏడు, 1893 మే 18న, ఈమె ఆ సభలో లేచి నిలబడి మాట్లాడింది, ఆ సభలో మాట్లాడిన మొదటి ఆడమనిషి ఆమే. ఇరవై ఐదు నిండటానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆమె ఏం అడిగిందో జాగ్రత్తగా చూడండి, రెండు విషయాలు అడిగింది. ఈ పార్లమెంటుకి ఓటేసే హక్కు, అందులో సభ్యులుగా కూర్చునే హక్కు కూడా. అప్పుడు తెల్ల ఆడవాళ్ళ ఉద్యమం నడిచింది ఓటు వరకే, దేశ పార్లమెంటుకి ఆడవాళ్ళు పోటీ చెయ్యొచ్చని చట్టం వచ్చింది 1919లో. ఈమె 1893లోనే అక్కడిదాకా వెళ్ళింది. కారణాలు వరసగా చెప్పింది. మాలో భర్త పోయి భూములున్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. తండ్రి పోయి, అన్నదమ్ములు లేనివాళ్ళున్నారు. భర్తకి భూమి వ్యవహారం తెలియకపోయినా తెలిసిన భార్యలున్నారు. తండ్రి ముసలివాడైపోతే భూమి చూసుకుంటున్న కూతుళ్ళున్నారు. ఆఖరిది, ఇన్నాళ్ళూ మగ పెద్దలు బ్రిటిష్ రాణికి అర్జీలు పెడుతూనే ఉన్నారు, ఒరిగిందేం లేదు, ఆవిడా ఆడదే కాబట్టి మావోరీ ఆడపడుచులు అడిగితే వింటుందేమో.

చూశారా, ఐదు కారణాల్లో నాలుగు భూమి గురించే. సమానత్వం అనే మాటే లేదు. మాకు భూములున్నాయి, మేం చూసుకుంటున్నాం, మరి వాటి గురించి నిర్ణయించే చోట మేమెందుకు లేం అని అడిగింది. క్లాసులో ఈ ప్రసంగం చదివించి, కారణాల పక్కన భూమి అన్నచోటల్లా గీత గీయమంటా, పిల్లలే ఆ విషయం కనిపెట్టేస్తారు. ఆ ఏడు ఆ సభ ఆ తీర్మానం తేల్చలేదు, 1897లో గానీ తే కోటహితంగాలో ఆడవాళ్ళకి ఓటు రాలేదు. ఈలోగా కోమిటి వాహినే అని ఆడవాళ్ళ కమిటీలు ఊరూరా మొదలయ్యాయి, భూమి గొడవలు, తాగుడు, ఇంట్లో కొట్టడాలు, పిల్లల ఆరోగ్యం, అల్లికలు నేర్పడం, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. వైరరాపాలో నినివా ఇ తే రంగీ అని ఒకావిడ పత్రికలు నడిపేంత దూరం వెళ్ళింది. 1898లో తే తియుపిరి అనే మావోరీ పత్రికలో ఆడవాళ్ళ కోసమే ఒక శీర్షిక నడిచింది.

ఇక మీరడిగిన 1893 సెప్టెంబర్ 19 చట్టం. అది మావోరీ ఆడవాళ్ళకి కూడా వర్తించింది, అది గొప్ప విషయమే, కాదనను. తెల్ల ఆడవాళ్ళ ఓటు ఉద్యమానికి నాయకురాలైన కేట్ షెపర్డ్ బృందం పెట్టిన అర్జీల మీద కలిపి సుమారు 32 వేల సంతకాలు. వాటిలో మిగిలిన పెద్ద అర్జీ, వైటాంగి ఒప్పందం కాగితాలు రెండూ ఇప్పుడు వెల్లింగ్టన్ నేషనల్ లైబ్రరీలో ఒకే గదిలో పెట్టారు. వెలుతురు చాలా తక్కువగా ఉంచుతారు, కాగితం పాడవకుండా. ఒప్పందం కాగితాల అంచులు ఎలకలు కొట్టేసి, తడిసి చినిగి ఉంటాయి, ఎందుకంటే అవి ఒక నేలమాళిగలో పట్టించుకునేవాళ్ళు లేక పడున్నాయి, 1908లో దొరికాయి. అర్జీ మాత్రం 270 మీటర్ల చుట్టలా నీటుగా ఉంటుంది. దాంట్లో మావోరీ పేర్లు వెతుక్కోవాలి. కారణం ఉంది, ఓటు ఉద్యమం నడిపిన క్రైస్తవ మహిళల మద్యనిషేధ సంఘంలో చేరాలంటే మావోరీ ఆడవాళ్ళు మోకో వేయించుకోబోమని మాట ఇవ్వాలి. మోకో అంటే గడ్డం మీద, పెదాల మీద వేసే పచ్చబొట్టు, ఆమె ఏ వంశమో చెప్పేది అదే. అంటే హక్కు ఇస్తాం, నీ వంశం గుర్తు వదులుకో అన్నట్టే కదా. కొందరు ఒప్పుకుని చేరారు, వాళ్ళని తప్పు పట్టొద్దు, ఊళ్ళని తాగుడు పీల్చేస్తున్న రోజులవి. కానీ "మావోరీ ఆడవాళ్ళు కేట్ షెపర్డ్ వెంట నడిచారు" అని ఒక్క లైన్లో తేల్చేస్తే మాత్రం అది తప్పు.

తే పుయేయా హేరంగి గురించి మీ పేపర్‌లో కనీసం రెండు పేజీలు ఉండాలి. మావోరీ రాజు (భూమి కాపాడుకోడానికి తెగలు కలిసి పెట్టుకున్న రాజు) తావ్హియావో మనవరాలు, 1883లో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో మావోరీలకి నిర్బంధ సైనిక సేవ పెట్టారు, అదీ మొత్తం మావోరీలకి కాదు, వైకాటో మానియాపోటో ప్రాంతం వాళ్ళకి మాత్రమే. ఎవరి భూమి 12 లక్షల ఎకరాలు లాక్కున్నారో సరిగ్గా వాళ్ళనే పట్టుకుని బ్రిటిష్ రాజు కోసం యుద్ధం చెయ్యండి అన్నారు. ఆవిడ సమాధానం ఏంటంటే, మాకు రాజున్నాడు, దేశమే లేదు, అది మీరు లాక్కున్నారు, ముందు అది ఇచ్చి మాట్లాడండి. తాత తావ్హియావో ఇక ఆయుధం పట్టొద్దని చెప్పిన మాటని గట్టిగా పట్టుకుంది. కుర్రాళ్ళందర్నీ మంగతావిరి దగ్గర మరాయెకి పిలిపించుకుంది, పారిపోవద్దు, దాక్కోవద్దు, తిరగబడొద్దు అంది. 1918లో పోలీసులు వచ్చి పేర్లు చదివారు, ఒక్కరూ పలకలేదు. కాళ్ళ ముందు మావోరీ రాజు జెండా పరిచి ఉంది, దాన్ని దాటుకుని వెళ్ళి అందిన వాళ్ళని ఎత్తుకెళ్ళారు, నిజంగానే ఎత్తుకెళ్ళారు, ఒక్కరూ తమ కాళ్ళతో నడవలేదు. అందులో ఒకడు మావోరీ రాజు తమ్ముడు, పదహారేళ్ళ కుర్రాడు. క్యాంపులో యూనిఫాం వేసుకోనన్నవాళ్ళకి రొట్టె, నీళ్ళు తప్ప తిండి పెట్టలేదు. ఈవిడ వెళ్ళి వాళ్ళకి కనపడేట్టు బయట కూర్చునేది, అంతే, ఊరికే కూర్చునేది. చివరికి వాళ్ళలో ఒక్కరిని కూడా విదేశీ యుద్ధానికి పంపలేకపోయారు.

ఆ వెంటనే ఇన్‌ఫ్లుయెంజా. ఆవిడ ఊళ్ళో నాలుగో వంతు జనం పోయారు, వంద మంది దాకా అనాథ పిల్లల్ని దగ్గరికి తీసింది. 1921లో న్గారువాహియాకి తరలి, ప్రభుత్వం ఒకప్పుడు లాక్కున్న భూమిలోనే పదెకరాలు డబ్బిచ్చి కొన్నారు. ముళ్ళపొదలు, పట్నం చెత్త పోసే చోటు. పాటల బృందం కట్టి ఊరూరా తిరిగి డబ్బు పోగేసి, 1929కి అక్కడ మాహినారంగి అనే పెద్ద చెక్కడాల ఇల్లు లేపారు. అదే తూరంగావాయెవాయె, "కాలు నిలబెట్టే చోటు" అని అర్థం. మా ఇంటి నుంచి కార్లో ఇరవై నిమిషాలు, రెండు నదులు కలిసే చోట. 2024 సెప్టెంబర్‌లో ఇరవై ఏడేళ్ళ అమ్మాయి మావోరీ రాణి అయ్యింది కూడా అక్కడే.

అయితే ఆవిడని దేవత చేసి రాయకండి. 1949లో ఇరియాకా రాతనా పార్లమెంటుకి పోటీ చేస్తే, ఆడది తైనుయి పడవకి (వైకాటో తెగల పూర్వీకులు వచ్చిన పడవ, అంటే ఆ తెగలకి) సారథ్యం వహించడమేంటని బహిరంగంగా వ్యతిరేకించింది ఈ తే పుయేయానే. ఇరియాకా గెలిచింది, మావోరీ ఆడవాళ్ళలో మొదటి ఎంపీ ఆవిడే. ఆడవాళ్ళందరిదీ ఒకటే గొంతు అనుకుంటే ఈ చరిత్ర అర్థం కాదు. తెగ ముందా, ఆడదన్నది ముందా అన్న ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కోలా సమాధానం చెప్పారు.

ఇప్పుడు మళ్ళీ పంగురుకి వెళ్దాం, మేరి ఊరికి. దాని పాత పేరు ఫకరాపా. 1914 ప్రాంతంలో అక్కడ ఉప్పుటేరు పక్కన బురద నేలని మెరైన్ శాఖ ఒక తెల్ల రైతుకి లీజుకిచ్చింది. ఊరివాళ్ళు గవ్వలు, చేపలు ఏరుకునేది అక్కడే, ఎండినప్పుడు గుర్రప్పందాలు కూడా అక్కడే. ఆయన నీళ్ళు తోడెయ్యడానికి కాలవలు తవ్వించడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతి కొంతమందిని వెంటేసుకుని పారలతో వెళ్ళి, వాళ్ళు తవ్వుతున్న కొద్దీ వెనకాలే పూడ్చేసుకుంటూ పోయింది. పోలీసులొచ్చారు, కేసు పెట్టారు, ఈలోపు పార్లమెంటులో విషయం కదిలి లీజు రద్దయింది. ఆ పిల్లే ఫీనా కూపర్. అరవై ఏళ్ళ తర్వాత, 1975లో, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో కర్ర పట్టుకుని, ఉత్తర కొసన ఉన్న తే హాపువా నుంచి వెల్లింగ్టన్ పార్లమెంటుదాకా వెయ్యి కిలోమీటర్ల భూమి యాత్ర నడిపింది కూడా ఆవిడే. సెప్టెంబర్ 14న యాభై మందితో బయల్దేరారు, అక్టోబర్ 13న ఐదు వేల మందితో చేరారు, చేతిలో 60 వేల సంతకాల అర్జీ. నినాదం ఒకటే, ఇంక ఒక్క ఎకరం కూడా పోనివ్వం.

మధ్యలో 1951లో మావోరీ ఉమెన్స్ వెల్ఫేర్ లీగ్ పెట్టారు, మొదటి అధ్యక్షురాలు ఫీనా, పోషకురాలు తే పుయేయా. పట్నాలకి వలసొచ్చిన మావోరీలకి ఇళ్ళు అద్దెకివ్వని రోజుల్లో లీగ్ ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి సర్వేలు చేసి ఆ లెక్కలు ప్రభుత్వం ముందు పెట్టారు. 1972లో హానా తే హేమారా వాళ్ళు స్కూళ్ళలో మావోరీ భాష చెప్పాలని 30 వేల సంతకాలు ఇచ్చారు, నేను ఈరోజు ఆ భాష నేర్చుకోగలుగుతున్నానంటే అందులో వాళ్ళ చెయ్యి ఉంది. 1978లో రాగ్లాన్‌లో ఎవా రికర్డ్, యుద్ధంలో విమానాల కోసమని తీసుకుని తిరిగివ్వకుండా గోల్ఫ్ కోర్సు చేసిన తమ భూమి మీద కూర్చుని అరెస్టయ్యింది, అది తర్వాత తిరిగొచ్చింది.

1975, 78 వలస పాలన కిందికి ఎలా వస్తాయని మీ గైడ్ అడగొచ్చు. మనకి ఆగస్టు 15 ఉన్నట్టు వీళ్ళకి ఒక తేదీ లేదు. తెల్లవాళ్ళు వెళ్ళిపోలేదు, ఇక్కడే ఉండిపోయారు, భూమి చట్టాలూ వాళ్ళవే. 1967లో కూడా నలుగురు లేదా అంతకంటే తక్కువ ఓనర్లున్న మావోరీ భూమిని మామూలు భూమిగా మార్చేసే చట్టం తెచ్చారు, ఫీనా నడిచిందే అలాంటి చట్టాల మీద. కాబట్టి పేపర్‌ని న్యూజిలాండ్ డొమీనియన్ అయిన 1907లోనో, చట్టాలు చేసుకునే పూర్తి అధికారం వచ్చిన 1947లోనో ఆపేయకండి.

ముగింపు 1993 దగ్గర పెట్టుకోండి. ఫీనా, మీరా సాసీ, ఇంకొందరు కలిసి వైటాంగి ట్రిబ్యునల్‌లో (ఆ ఒప్పందాన్ని ప్రభుత్వం మీరిందన్న ఫిర్యాదులు వినే సంస్థ) మానా వాహినే, అంటే ఆడవాళ్ళ గౌరవం, అధికారం అన్న పేరుతో క్లెయిమ్ వేశారు, 1840 నుంచి మీ చట్టాలు మావోరీ ఆడవాళ్ళ స్థానాన్ని తొక్కేశాయి అని. ఆ మరుసటి ఏడే ఫీనా పోయింది. దాని మీద విచారణలు మొదలైంది 2021లో. పోయిన ఏడు పడవెక్కి హొకియాంగా దాటి పంగురు వెళ్ళా. మరాయె దగ్గర ఫీనా విగ్రహం, పక్కన చెయ్యి పట్టుకుని మనవరాలు. నీళ్ళు వెనక్కి పోయిన వేళ, ఆ బురద నేల అలాగే ఉంది, మడ చెట్ల మధ్య ఎవరో ఇద్దరు బకెట్ పట్టుకుని వంగి ఏరుకుంటున్నారు.